కొబ్బరి పొట్టు, కోడిపెంట, మార్కెట్టు చెత్త కలిపిన కుప్ప వేడెక్కడం లేదు: పాళ్లలో తప్పెక్కడ?

ప్రశ్న: కోనసీమ కంపోస్టు

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో రోజుకు సుమారు 20 టన్నుల సేంద్రియ వ్యర్థాలను తీసుకునే కంపోస్టు కేంద్రం. మాకు ముడిసరుకు మూడు వైపుల నుంచి వస్తుంది. రావులపాలెం వైపు నుంచి అరటి గెల కాడలు, ఆకులు, కూరగాయల మార్కెట్టు చెత్త వస్తాయి. అనపర్తి, మండపేట ప్రాంతాల్లో బోనుల్లో గుడ్ల కోళ్లను పెంచే ఫారాల నుంచి కోడిపెంట వస్తుంది. అంబాజీపేట చుట్టుపక్కల పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉన్న కొబ్బరి పొట్టు, అంటే డొక్కల నుంచి పీచు తీయగా మిగిలే పొడి, దాదాపు రవాణా ఖర్చుకే దొరుకుతుంది. అది కారుచౌక కాబట్టి మొదటి నుంచీ మా పాళ్లన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

ప్రస్తుతం రోజుకు 8 టన్నుల మార్కెట్టు చెత్త, 3 టన్నుల కోడిపెంట, 8 టన్నుల కొబ్బరి పొట్టు కలుపుతున్నాం. పుస్తకాల్లో ఉన్న విలువలతో లెక్కవేసుకుంటే కర్బన నత్రజని నిష్పత్తి, అంటే కర్బనం నత్రజనికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే అంకె, 28 దగ్గర తేలింది. 25 నుంచి 30 మధ్య ఉండాలని అందరూ చెబుతారు కాబట్టి పాళ్లు సరిగ్గానే ఉన్నాయని ధైర్యంగా మొదలుపెట్టాం. కానీ జరుగుతున్నది వేరు. రెండున్నర మీటర్ల ఎత్తు వరుస కుప్పల్లో వేడి మూడో రోజుకు 45 డిగ్రీల దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. లోడరుతో కుప్పను తిరగేసినప్పుడు కళ్లు మండేటంత అమ్మోనియా ఘాటు పైకి వస్తోంది. అడుగున రెండు అడుగుల మేర నల్లగా, జిగటగా, మురుగు కాలువ వాసనతో ఉంటోంది. షెడ్డు కింద గచ్చు మీద నల్లటి ఊట నీరు నిలుస్తోంది.

75 రోజుల తరువాత జల్లెడ పట్టి, ప్రయోగశాలకు పంపించిన నమూనాలో కర్బన నత్రజని నిష్పత్తి 23 వచ్చింది, లవణాలను చెప్పే ఈసీ 6.1 వచ్చింది. ఈ రెండు అంకెలతో సరుకును సంచుల్లో నింపి అమ్మడానికి వీలు లేదు. మా దగ్గర పనిచేసేవారు సూక్ష్మజీవుల కల్చర్ చల్లితే సరిపోతుందని అంటున్నారు. మరికొందరు రైసు మిల్లు బూడిద కలిపితే తడి పీల్చుకుంటుందని అంటున్నారు. లెక్క ప్రకారం సరైన పాళ్లు కుప్పలో ఎందుకు తప్పుతున్నాయో, ముందుగా దేన్ని మార్చుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? పొట్టు తేమను మేము చేత్తో పిండి చూస్తున్నామే తప్ప కొలవలేదని, పాళ్లను కాటా మీద తూచకుండా లోడరు బకెట్ల లెక్కన వేస్తున్నామని కూడా ముందే ఒప్పుకుంటున్నాను.


జవాబు 1: పాతకాపు

మీ ప్రశ్నలోని చివరి వాక్యంలోనే సగం జవాబు ఉంది. నేను చెరకు మిల్లు ఫిల్టరు మడ్డితో మొదలుపెట్టి, మార్కెట్టు చెత్త దాకా రకరకాల వ్యర్థాలతో చాలా ఏళ్లు కంపోస్టు యార్డుల్లో పనిచేశాను. బకెట్ల లెక్కన కలిపిన ఏ కుప్పా వరసగా రెండు నెలలు ఒకే తీరుగా నడవడం నేను చూడలేదు. 20 శాతం తేమ ఉన్న పొట్టు, 60 శాతం తేమ ఉన్న పొట్టు ఒకే బకెట్టులో దాదాపు అంతే పొడి పదార్థంతో ఉంటాయి కానీ బరువు మాత్రం రెట్టింపు అవుతుంది. ఆ ఎక్కువ బరువంతా మీరు తెలియకుండా కుప్పలోకి మోసుకెళుతున్న నీరే.

మీ పాళ్లను నేను పొడి బరువులోకి మార్చి చూశాను. నా దగ్గర ఉన్నవి సాధారణంగా వాడే విలువలు, మీ సరుకు విలువలు కావు కాబట్టి వీటిని దారి చూపే అంకెలుగా మాత్రమే తీసుకోండి. 8 టన్నుల మార్కెట్టు చెత్తలో 85 శాతం నీరు అనుకుంటే, నీరు 6.8 టన్నులు, పొడి పదార్థం 1.2 టన్నులు. అందులో కర్బనం సుమారు 504 కిలోలు, నత్రజని 34 కిలోలు. 3 టన్నుల కోడిపెంటలో 70 శాతం తేమ ఉంటే పొడి పదార్థం 900 కిలోలు, దానిలో కర్బనం 270 కిలోలు, నత్రజని 36 కిలోలు. బయట ఎండకూ వానకూ పడి ఉన్న పొట్టులో 60 శాతం తేమ అనుకుంటే 8 టన్నుల్లో పొడి పదార్థం 3.2 టన్నులు, కర్బనం 1,536 కిలోలు, నత్రజని 14 కిలోలకు మించదు. మొత్తం కర్బనం 2,310 కిలోలు, నత్రజని 84 కిలోలు. భాగిస్తే దాదాపు 28 వస్తుంది. అంటే మీ లెక్క తప్పు కాదు.

ఇప్పుడు నీటి లెక్క చూడండి. 6.8, 2.1, 4.8 టన్నులు కలిపితే 13.7 టన్నుల నీరు. మొత్తం సరుకు 19 టన్నులు. తేమ 72 శాతం. కుప్ప మొదట్లో 50 నుంచి 60 శాతం తేమ ఉండాలి. 65 దాటితే గాలి నిలవవలసిన ఖాళీల్లో నీరు చేరుతుంది, అక్కడి నుంచి గాలి అవసరం లేని సూక్ష్మజీవులదే రాజ్యం. మీ కుప్ప అడుగున నల్లటి జిగట, మురుగు వాసన అందువల్లనే వచ్చాయి. వేడిని పుట్టించేవి గాలి పీల్చే సూక్ష్మజీవులు కాబట్టి, గాలి అందని కుప్ప 45 డిగ్రీల దగ్గర ఆగిపోవడంలో వింత లేదు. పైగా రెండున్నర మీటర్ల ఎత్తులో పై బరువు కింది పొరను ఇంకా నొక్కేస్తుంది.

చేత్తో పిండి చూడటం మంచి అలవాటే కానీ, కొబ్బరి పొట్టు విషయంలో అది మోసం చేస్తుంది. పొట్టు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని స్పంజిలాగా లోపల దాచుకుని పైకి పొడిగానే కనిపిస్తుంది. కాబట్టి 100 గ్రాముల నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి, మళ్లీ తూచి, తగ్గిన బరువును నేరుగా తేమ శాతంగా రాసుకోండి. వానాకాలంలో ప్రతి లోడుకూ, ఎండాకాలంలో వారానికి ఒకసారి చేస్తే సరిపోతుంది.

ఇక పాళ్ల సంగతి. కలిపేటప్పుడు ముందుగా తేమనూ గాలినీ కుదుర్చుకుని, తరువాత కర్బన నత్రజని నిష్పత్తిని సరిదిద్దుకోవాలన్నది నా అభిప్రాయం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే నిష్పత్తి కాగితం మీద తేలికగా లెక్కకు వస్తుంది, గాలి రాదు. నేనైతే మార్కెట్టు చెత్తను 8 టన్నులే ఉంచి, కోడిపెంటను 2 టన్నులకు తగ్గించి, పొట్టును గాలికి ఆరబెట్టి 40 శాతం తేమతో 3 టన్నులే వేసి, తరిగిన వరిగడ్డి 3 టన్నులు, మీ జల్లెడ మీద మిగిలే గరుకు ముక్కలు 3 టన్నులు కలుపుతాను. గడ్డిలో 12 శాతం, ముక్కల్లో 35 శాతం తేమ అనుకుంటే ఈ 19 టన్నుల్లో నీరు 10.8 టన్నులు, అంటే 57 శాతం. ముక్కలను లెక్కలోకి తీసుకోకుండా నిష్పత్తి 32 వస్తుంది. కాస్త ఎక్కువగా కనిపిస్తుంది కదా? దానికి కారణం ఉంది. పొట్టులోని కర్బనం మొత్తాన్నీ నేను నమ్మను. సగమే లెక్కలోకి తీసుకుంటే ఇదే మిశ్రమం 27 దగ్గరికి వస్తుంది. అదే పద్ధతిలో మీ ఇప్పటి పాళ్లను చూస్తే 28 కాస్తా 18 అవుతుంది. కర్బనం చాలక మిగిలిపోయిన నత్రజని అమ్మోనియాగా మారుతుంది, మీ కళ్లు మండించే ఘాటు ఆ తేడాలోనే పుడుతోంది. పొట్టు కర్బనం గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, వారు వివరిస్తారు.


ప్రశ్నించినవారి మాట: కోనసీమ కంపోస్టు

పాతకాపు గారికి కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం మూడు చోట్ల నుంచి పొట్టు తీసి ఓవెన్‌లో పెట్టించాను, రేపటికి అంకె తెలుస్తుంది. అయితే రోజుకు 3 టన్నుల వరిగడ్డి మా వల్ల అయ్యే పని కాదు. గడ్డి ఇక్కడ పశువుల మేతకే చాలడం లేదు, ధర చూస్తే కంపోస్టు అమ్మగా వచ్చేది గడ్డికే పోతుంది. దానికి బదులు ఎండిన కొబ్బరి మట్టలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. వాటిని ముక్కలు చేసే యంత్రం మా దగ్గర ఉంది కానీ బ్లేడ్లు త్వరగా అరుగుతున్నాయని పక్కన పెట్టేశాం. ఊక కూడా మిల్లుల నుంచి దొరుకుతుంది. బూడిద సంగతి, కల్చర్ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది.


జవాబు 2: మట్టి పరీక్ష

నేను నేల, ఎరువుల నమూనాలు పరీక్షించే పనిలో ఉన్నాను. మీ నివేదికలోని రెండు అంకెల గురించి, పొట్టు గురించి చెబుతాను.

కొబ్బరి పొట్టులో కర్బన నత్రజని నిష్పత్తి 112 దాకా ఉంటుంది. ఆ అంకెను చూసి, కోడిపెంటలోని అదనపు నత్రజనికి ఇది సరిజోడు అని అందరూ అనుకుంటారు. కానీ ప్రయోగశాలలో నమూనాను పూర్తిగా కాల్చి కొలిచిన కర్బనం వేరు, కుప్పలోని సూక్ష్మజీవులు మొదటి మూడు వారాల్లో తినగలిగే కర్బనం వేరు. పొట్టులో 30 శాతానికి పైగా లిగ్నిన్ ఉంటుంది. చెట్టుకు గట్టితనాన్నిచ్చే ఈ పదార్థం చాలా నెమ్మదిగా కుళ్లుతుంది, తన చుట్టూ ఉన్న సెల్యులోజును కూడా తినకుండా అడ్డుపడుతుంది. లిగ్నిన్ శాతాన్ని బట్టి ఎంత పదార్థం కుళ్లగలదో అంచనా వేసే సూత్రం ఒకటి ఉంది. 0.83 నుంచి, లిగ్నిన్ శాతాన్ని 0.028తో హెచ్చవేసిన మొత్తాన్ని తీసివేయడమే ఆ సూత్రం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం కంపోస్టు పాఠాల్లో దీన్ని వివరించారు. అందులో 30 వేసి చూడండి, జవాబు సున్నా కంటే కొంచెం కిందికి పోతుంది. ఆ సూత్రం గాలి లేని జీర్ణక్రియ పరీక్షల నుంచి వచ్చింది కాబట్టి గాలి ఉన్న కుప్పకు దాన్ని అక్షరాలా వర్తింపజేయకూడదు, కానీ పొట్టును ఆహారంగా కాకుండా తడిని పట్టే పదార్థంగా చూడాలన్న హెచ్చరిక అందులో ఉంది. పాతకాపు గారు సగమే లెక్కపెట్టడం ఉదారమనే అనాలి.

పొట్టును నిజంగా కుళ్లించాలంటే దానికి వేరే దారి ఉంది. కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కాయర్ బోర్డు పిత్ ప్లస్ పేరుతో ఇచ్చే కల్చర్ ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతి శిలీంధ్రమే. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియాతో కలిపి పొరలుగా పేర్చి, తడి ఆరకుండా నెల రోజులు ఉంచితే నిష్పత్తి 112 నుంచి 24 దాకా దిగుతుంది. ఈ శిలీంధ్రం లిగ్నిన్‌ను తినగలదు కానీ 55 డిగ్రీల వేడిలో బతకదు. అందుకే దాన్ని మీ వేడి కుప్పలో చల్లడం దండగ. చల్లదలచుకుంటే పొట్టును విడిగా, చల్లగా, ముందు నెలలోనే పండించుకోవాలి. ఇతర కల్చర్ల విషయానికి వస్తే, కోడిపెంటలోనూ మార్కెట్టు చెత్తలోనూ సూక్ష్మజీవులకు కొదవ లేదు. వాటికి గాలి లేదు. గాలి లేని చోట కొత్తవాటిని దింపితే అవీ పాతవాటి దారినే పడతాయి. కల్చర్ మీద పెట్టే డబ్బును తేమ కొలిచే పనిముట్ల మీద పెట్టండి.

బూడిద వద్దు. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నపురాయి ఎక్కువ, అందువల్ల వాటి పెంట ఇప్పటికే క్షార గుణం కలది. దాని మీద బూడిద వేస్తే పీహెచ్ ఇంకా పెరుగుతుంది. పీహెచ్ 8.5 దాటితే కుప్పలోని అమ్మోనియం వాయువుగా మారి ఎగిరిపోతుంది. మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న నత్రజని గాలిలో కలుస్తుంది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫిర్యాదులు వస్తాయి. బూడిద వల్ల లవణాలు కూడా పెరుగుతాయి.

లవణాల సంగతే మీకు అసలైన తలనొప్పి కాబోతోంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద సిటీ కంపోస్టుకు ఈసీ 4.0 మించకూడదు, కర్బన నత్రజని నిష్పత్తి 20 లోపు ఉండాలి, తేమ 15 నుంచి 25 శాతం, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి. కనీసం 90 శాతం సరుకు 4 మిల్లీమీటర్ల జల్లెడ గుండా పోవాలి. మీ 23 ఎలాగైనా దిగుతుంది, ఎందుకంటే కుప్ప బాగా కుళ్లితే కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. ఈసీ అలా దిగదు. కుళ్లే కొద్దీ పొడి పదార్థం తగ్గుతుంది, ఉప్పు మాత్రం ఉన్నదంతా మిగులుతుంది. పొడి పదార్థం సగమైతే ఉప్పు గాఢత రెట్టింపు అవుతుంది. కాబట్టి ఈసీని కుప్పలో సరిచేయలేం, పాళ్లలోనే సరిచేయాలి. మీ మూడు ముడిసరుకుల్లో మూడూ ఉప్పగా ఉండటం దురదృష్టం. కోడిపెంట సంగతి తెలిసిందే. అరటి కాడల్లో పొటాషియం మెండు. ఉప్పునీటి కాలువల్లో నానబెట్టిన డొక్కల నుంచి వచ్చిన పొట్టులో సోడియం, క్లోరైడ్ ఎక్కువగా ఉంటాయి. ఒక్కో మిల్లు పొట్టును ఒక పాలు తీసుకుని 5 పాళ్ల నీటిలో కలిపి, జేబులో పట్టే ఈసీ మీటరుతో విడివిడిగా చూడండి. ఏ మిల్లు సరుకు తీసుకోవాలో, ఏది వదులుకోవాలో ఆ ఒక్క ఉదయంలో తేలిపోతుంది. ఎన్నో వానలు తిన్న పాత గుట్టల అడుగు పొట్టు సాధారణంగా కొత్త పొట్టు కంటే తక్కువ ఉప్పగా ఉంటుంది.

పరీక్షకు పంపేటప్పుడు రాగి, జింకు కూడా చూడమనండి. కోళ్ల దాణాలో ఇవి కలుపుతారు. ఉత్తర్వు ప్రకారం కిలో కంపోస్టుకు రాగి 300, జింకు 1,000 మిల్లీగ్రాములు మించకూడదు.


జవాబు 3: షెడ్డు మేస్త్రీ

పై ఇద్దరూ పాళ్ల గురించి చెప్పారు. పాళ్లు సరిగ్గా ఉండి, కలపడం సరిగ్గా లేకపోతే కుప్ప ఒక చోట కోడిపెంటగా, ఇంకో చోట పొట్టుగా మిగిలిపోతుంది. నేను యార్డులో కలిపే పని చూసేవాడిని కాబట్టి ఆ వైపు చెబుతాను.

కొబ్బరి మట్టలు దొరుకుతుంటే వరిగడ్డి కోసం దిగులు పడనక్కరలేదు. నా దృష్టిలో మట్టల ముక్కలే మేలు. వరిగడ్డి తడిసి వారం తిరిగేసరికి మెత్తబడి కూలిపోతుంది, మట్ట ముక్క రెండు నెలలైనా నిలబడి గాలికి దారి ఇస్తుంది. పైగా జల్లెడ మీద మిగిలి మళ్లీ కుప్పలోకి వస్తుంది కాబట్టి ఒకసారి చేసిన ఖర్చు మూడు నాలుగు విడతలు పనికొస్తుంది. ఊక అలా కాదు, అది సన్నం, సిలికా ఎక్కువ, కుళ్లదు, చివరికి సరుకులో అలాగే కనిపించి కొనేవాడికి అనుమానం తెప్పిస్తుంది. బ్లేడ్ల అరుగుదలకు ఒక చిట్కా చెబుతాను. 1920లలో ఇండోరులో ఆల్బర్ట్ హోవార్డ్ అనే బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త కంపోస్టు పద్ధతిని రూపొందించినప్పుడు పత్తి కట్టె వంటి గట్టి సరుకును పొలం బాటల మీద పరిచి, బండ్ల చక్రాల కింద నలిగాక కుప్పలో వేయించేవాడు. మేము మట్టలను లోడరు తిరిగే దారిలో వారం రోజులు పరిచి, నలిగినవాటినే యంత్రంలోకి పంపేవాళ్లం. మట్ట మొదలును కోసి పక్కన పడేయండి, బ్లేడును తినేది అదే.

కలిపే వరస కూడా ముఖ్యమే. ముందు గచ్చు మీద మట్టల ముక్కలు, జల్లెడ మీది గరుకు ముక్కలు పరవాలి. వాటి మీద కోడిపెంటను పలుచగా చల్లాలి. దాని మీద ఆరిన పొట్టు, అన్నిటికంటే పైన మార్కెట్టు చెత్త వేయాలి. చెత్త నుంచి కారిన రసాన్ని పొట్టు పట్టుకుంటుంది, పెంట గడ్డలు గచ్చుకు అంటుకోవు. ఆ తరువాత లోడరు కనీసం నాలుగు సార్లు ఎత్తి దులపాలి, పక్కకు నెట్టడం కలపడం కింద రాదు. డ్రైవరుకు ఈ తేడా చెప్పి నేర్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది.

కుప్ప వేసే ముందు 20 లీటర్ల బకెట్టుతో పరీక్ష చేయండి. మూడో వంతు నింపి, అరచేయంత ఎత్తు నుంచి పది సార్లు నేలకు దించి కొట్టాలి. మూడింట రెండు వంతులు నింపి మళ్లీ పది సార్లు, అంచుదాకా నింపి ఇంకో పది సార్లు కొట్టి, తగ్గిన మేరకు పైన నింపాలి. ఇప్పుడు తూచండి. సరుకు బరువు 8 నుంచి 12 కిలోల మధ్య ఉంటే ఘనపు మీటరుకు 400 నుంచి 600 కిలోలు, అంటే బాగున్నట్టు. 14, 15 కిలోలు తూగితే ఆ కుప్ప ఊపిరి ఆడక చస్తుంది. తరువాత పొర్లేదాకా నీరు పోసి కొలవండి. 10 లీటర్లకు తగ్గకుండా పట్టాలి. మీ పొట్టు నీటిని తాగేస్తుంది కాబట్టి నీటి కొలత ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గబగబా పోసి, గబగబా కొలవండి, అప్పటికీ అనుమానమైతే బరువునే నమ్మండి.

ఎత్తు ఒకటిన్నర మీటర్లకు తగ్గించండి. పైన ఒక జానెడు పాత కంపోస్టు కప్పితే వాసన చాలావరకు అక్కడే ఆగుతుంది. వరుస కుప్పల్లో రోగకారకాలు చావాలంటే 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉంచి, ఆ లోపల ఐదు సార్లు తిరగేయాలని అమెరికా పర్యావరణ సంస్థ నియమం పెట్టింది. మనమూ దాన్ని పాటిస్తే నష్టం లేదు. 65 దాటితే మాత్రం గడువు కోసం చూడకుండా వెంటనే తిరగేయండి.


ప్రశ్నించినవారి మాట: కోనసీమ కంపోస్టు

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. పొట్టు తేమ ఓవెన్‌లో ఒక చోట 58, రెండో చోట 66, మూడో చోట 71 శాతం వచ్చింది. పాతకాపు గారు 60 అనుకోవడం మా మీద దయతోనే అని అర్థమైంది. రెండు కుప్పలు వేశాం. మొదటిది పాత పాళ్లతో, ఎత్తు మాత్రం తగ్గించి వేశాం. రెండోది 8 టన్నుల చెత్త, 2 టన్నుల పెంట, ఆరిన పొట్టు 3 టన్నులు, మట్టల ముక్కలు 4 టన్నులు, జల్లెడ ముక్కలు 2 టన్నులతో వేశాం. బకెట్టు బరువు మొదటిదానికి 14.6 కిలోలు, రెండోదానికి 10.2 కిలోలు తూగింది. మొదటి కుప్ప 50 డిగ్రీలు దాటలేదు. రెండోది నాలుగో రోజుకు 62 డిగ్రీలకు వెళ్లింది, 17 రోజులు 55 పైన నిలిచింది. అమ్మోనియా పూర్తిగా పోలేదు కానీ కళ్లు మండటం లేదు, గచ్చు మీద ఊట లేదు.

మిల్లుల వారీగా పొట్టును ఈసీ మీటరుతో చూస్తే ఐదింటిలో రెండు మిగతావాటికి మూడు రెట్లు ఉప్పగా తేలాయి. వాటిని ఆపేశాం. అయినా సగం పండిన రెండో కుప్ప నమూనాలో ఈసీ 4.4 ఉంది. ఇంకా పెరుగుతుందని మట్టి పరీక్ష గారి మాటను బట్టి అర్థమవుతోంది. పొట్టును తొట్టెలో కడిగి వాడదామనుకుంటున్నాం. కడిగిన నీటిని కుప్పలు తడపడానికి వాడవచ్చా?


జవాబు 4: మట్టి పరీక్ష

వాడకూడదు. మీరు కడిగి తీసిన ఉప్పంతా ఆ నీటిలోనే ఉంటుంది, కుప్ప మీద పోస్తే మళ్లీ అక్కడికే చేరుతుంది. పంట కాలువలోకీ వదలకూడదు. కడగడం కంటే, వచ్చే వానాకాలం పొట్టును ఒక మీటరు ఎత్తు మించకుండా గచ్చు మీద పరిచి, ఊట నీరు చేరే గుంట కట్టి, వాన చేత కడిగించండి. ఆ నీటిని అక్కడే ఉన్న కొబ్బరి తోటకు, ఈసీ చూసుకుంటూ, మంచినీటితో పలుచన చేసి ఇవ్వవచ్చు. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకునే చెట్టు.

ఈలోగా అరటి కాడలను తగ్గించి, వాటి స్థానంలో కూరగాయల చెత్తను పెంచగలరేమో చూడండి. కోడిపెంటను 2 టన్నుల నుంచి ఒకటిన్నరకు తగ్గించి, లోటును పశువుల పేడతో పూరిస్తే నిష్పత్తి పెద్దగా మారదు, ఉప్పు తగ్గుతుంది. పేడ కోసం చుట్టుపక్కల పాల కేంద్రాలను అడగండి. వారానికి రెండు ట్రాక్టర్లు దొరికినా తేడా కనిపిస్తుంది. తరువాతి నమూనాను 60వ రోజున తీయండి, అంతకు ముందు వచ్చిన ఈసీని చూసి పాళ్లు మార్చకండి.


జవాబు 5: పాతకాపు

ఒక్క మాట చేర్చుతాను. పేడ వచ్చిన రోజున దాని తేమను కూడా ఓవెన్‌లో చూడండి. పాల కేంద్రాల్లో షెడ్డు కడిగిన నీటితో కలిపి తోస్తే 85 శాతం దాకా ఉంటుంది, అప్పుడు మట్టల ముక్కలు ఇంకో అర టన్ను పెంచవలసి వస్తుంది.